ఎడం సేతి ఏలు

అబద్ధం నోటితో ఆడనేదు బాబూ,
ఏలితో ఆడినాను.
కుడి సెయ్యి కోనాం తలని కత్తిపీటకి అదిమి ఉంది,
సగం తెగిన సేపని ఒగ్గేయనేం కదా,
అందుకని ఎడం సెయ్యి లేచింది.

తెల్లారగట్ల నాలుగున్నర.
జెట్టీ మీద ఏలంపాట ముదురుతున్నాది.
గుంటడొకడు, తడిసిన పిల్లిలాగ,
నా బుట్టల మజ్జినుంచి దూరి
ఐసు ఫ్యాక్టరీ సందులోకి ఎల్లిపోనాడు.
ఇరవై నిండనేదు. ఒక కాలికే జోడుంది.
ఎనకాలే కానిస్టేబుల్ జోగినాయుడు,
నా దగ్గిర అరువుకి కవళ్లు పట్టికెళ్లే మడిసి,
రొప్పుతూ అడిగినాడు:
"ఎటెల్లేడే నూకరత్నం?"

నా ఏలు లైట్‌హౌస్ వైపు తిరిగింది.

ఎందుకంటే ఏటి సెప్పను.
పదకొండేళ్ల కిందట ఇదే రేవులో
నా పెనిమిటి నిజం సెప్పినాడు,
"అదిగో, ఆ నీలం బోటులో దాగున్నాడు" అని.
ఆ దాగున్నోడు స్టేషన్‌నుంచి ఇంటికైతే వచ్చేడు.
గుమ్మంలో కూకొని వల ముడేస్తాడు,
ఇప్పుతాడు, మళ్లీ ముడేస్తాడు.
ఇప్పటికీ అంతే.
మాట మాత్రం స్టేషన్‌లోనే ఉండిపోయింది.

జోగినాయుడు నా ఏలిని నమ్మి పరిగెట్టినాడు.
ఐసు నీళ్లు, సేప పొలుసులు, వాలు మెట్లు.
మోకాలి సిప్ప రెండు ముక్కలు.
కేజీహెచ్‌లో ఇరవై రోజులు.
కవళ్ల పులుసు వండి పట్టికెళ్లినాను.
తిన్నాడు. గిన్నె కడిగించి ఇచ్చేడు.
ఆ మీద సాచ్చికానికీ వచ్చేడు, కర్ర పట్టుకొని.

కోర్టులో నల్లకోటు బాబు సదివేడు:
సర్కారు కొలువులో ఉన్న మడిసికి
తెలిసి తెలిసీ తప్పుదోవ సూపించడం.
ఏలికి కూడా సెక్షన్ ఉంటాదని
ఆ పూటే తెలిసింది నాకు.
"కంగారులో పొరపాటైందని సెప్పీ" అని
నా వకీలు సెవిలో ఊదినాడు.
కంగారులో కుడీ ఎడమా కలిసిపోతాయేమో గానీ
కొండా సందూ కలవవు కదా!
"తెలిసే సూపించేనమ్మా" అన్నాను.
జడ్జీ అమ్మగారు కలం ఆపి ఓపాలి నన్ను సూసింది.

రెండు వేలు జరిమానా,
కోర్టు లేచేదాకా ఖైదు.
ఖైదంటే ఏటో అనుకున్నాను. బెంచీ.
నెత్తిమీద కిర్రుకిర్రుమనే ఫేను.
నా సీర నీసు వాసనకి
గుమస్తా కుర్సీ మూడడుగులు జరిగింది.
సాయంత్రం అయిదుకి అందరూ లేచేరు,
నానూ లేచినాను. శిచ్చ అయిపోయిందట.

అయిపోతే బాగుణ్ణు.

ఆ గుంటడు ఆ రాత్రి ఎవుల్ని పొడిచి పరిగెట్టేడో
నాకు మూడో రోజున తెలిసింది.
ఐసు లారీ ఎత్తే దానయ్య.
పది రోజులు మూలిగి పోయేడు.
గుంటడు ఇప్పటికీ దొరకనేదు.
నా ఏలు కొని పెట్టిన ఆ రెండు నిమిషాలు
వాడింకా ఖర్చు పెట్టుకుంటూ ఉన్నాడు.

దానయ్య పెళ్లాం ఎర్నమ్మ
ఇప్పుడు నా పక్కనే కూకుంటాది,
ఎండు నెత్తళ్ల గంప ముందెట్టుకొని.
తిట్టదు. చిల్లర అడుగుతాది.
మజ్జానం నా గొడుగు నీడలోకి
కొంచెం జరుగుతాది.

లచ్చివారం బురుజుపేట ఎల్లినాను.
పసుపు నీళ్లు నా సేతుల్తో నానే పోసినాను.
కనకమాలచ్చి అమ్మోరికి ఎడం సెయ్యి నేదు.
ఎన్నేళ్లనుంచి సూస్తన్నానో,
ఆ వేళే అడగాలనిపించింది:
"నువ్వెవులికి సూపించేవమ్మా తోవ?"
ఎనక వరసలోవోళ్లు బేగి కదలమన్నారు.

నిన్న ఎవులో ఊరుకాని బాబు
బండి ఆపి అడిగినాడు:
"పాత పోస్టాఫీసుకి ఎటు ఎల్లాలమ్మా?"
నాకు పుట్టినకాడనుంచీ తెలిసిన తోవ.
సెయ్యి లేవనేదు.
కత్తిపీట పక్కన, పొలుసులంటుకొని,
అలాగే ఉండిపోయింది.

ఎర్నమ్మ నా వైపు సూసి,
గంప మీద ఈగలు తోలుతున్న సేత్తోనే
ఆ బాబుకి సూపించింది:
"తిన్నగా ఎల్లి, ఎడం పక్కకి తిరగండి."